మీ డాష్‌బోర్డులో 13.6, నా చిట్టాలో మైనస్ 4: పీటూపీ కంపెనీలకి ఒక గుమస్తా బహిరంగ లేఖ

పీటూపీ లెండింగ్ (యాప్ ద్వారా జనం డబ్బు జనానికే అప్పుగా ఇప్పించే) ప్లాట్‌ఫామ్‌లు నడిపే యాజమాన్యాలకి, వాటి లెక్కల మీద సంతకాలు పెట్టే ఆడిటర్లకి, ఈ వ్యాపారానికి రూల్స్ రాసే అధికారులకి నమస్కారం.

నేను మండపేటలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తానండి. ఇరవై రెండేళ్ళ నుంచీ ధాన్యం, నూక, తవుడు, గోనె సంచులు, హమాలీ కూలీ, అన్నీ చిట్టాకెక్కించి ఆవర్జాలోకి దింపడమే నా పని. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ కస్టమర్ కేర్ అమ్మాయి ఫోన్లో "సార్ మీకు రిటర్న్ క్యాలుక్యులేషన్ అర్థం కాలేదనుకుంటా" అంది, పాపం ఆ అమ్మాయి తప్పేం లేదు, ముందున్న స్క్రీన్ చూసి చదివింది. కానీ అసలు, వడ్డీ, జమ, ఖర్చు నాకు అర్థం కాకపోతే మిల్లు ఓనరు నన్ను ఎప్పుడో పంపించేసేవాడు.

యాప్‌లో చూపించే లాభం నా చేతికి రాలేదన్న విషయం మీద నేను డబ్బు పెట్టిన కంపెనీకి నాలుగు మెయిళ్ళు పెట్టా, రెండు టికెట్లు రెయిజ్ చేశా, ఒకసారి నలభై నిమిషాలు ఫోన్లో మాట్లాడా. అడిగింది ఒక్కటే, నేను వేసిన ప్రతి రూపాయి, నాకు తిరిగొచ్చిన ప్రతి రూపాయి తేదీతో సహా ఒక ఫైల్లో ఇవ్వండి అని. ప్రతిసారీ వచ్చిన జవాబు, "మీ నెట్ రిటర్న్ డాష్‌బోర్డులో కనిపిస్తోంది సార్, టికెట్ క్లోజ్ చేస్తున్నాం." కంపెనీ పేరు చెప్పను. మా మిల్లు దగ్గర ఇంకో ఇద్దరు వేరే వేరే కంపెనీల్లో పెట్టారు, వాళ్ళ యాప్‌లు కూడా చూశా, రంగులు వేరు గానీ వరస ఒకటే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పీటూపీ అంటే మన డబ్బు వెయ్యి, రెండు వేలు, ఐదు వేలు ముక్కలు చేసి ముక్కూ మొఖం తెలియని పదుల మందికి పర్సనల్ లోన్లుగా ఇవ్వడం, మధ్యలో కంపెనీ ఫీజు తీసుకుంటుంది. ఆర్‌బీఐ 2017 అక్టోబర్లో దీనికి రూల్స్ పెట్టింది. ఒక మనిషి ఒకే అప్పుదారుడికి 50,000 మించి ఇవ్వకూడదు, గడువు మూడేళ్ళు దాటకూడదు, తాకట్టు ఉండదు, కంపెనీ గ్యారంటీ ఇవ్వకూడదు. అన్ని ప్లాట్‌ఫామ్‌లలో కలిపి మనం పెట్టగలిగేది మొదట 10 లక్షలుండేది, 2019 డిసెంబర్లో 50 లక్షలు చేశారు.

గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ పని కొత్తేం కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నపిల్లాడు కూడా ఏడాదికి 24 అని చెప్తాడు. ప్రోనోటు రాయించుకుంటాం, మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుందని ముందే నోటు తిరగరాయించుకుంటాం, అప్పు తీసుకున్నవాడు కొత్త బండి కొంటే టీ కొట్టు దగ్గరే అడిగేస్తాం. యాప్‌లో అవేవీ లేవు, అక్కడ మనకున్న ఆధారం మీరు చూపించే అంకె ఒక్కటే. అందుకే ఆ అంకె గురించి ఇంత పెద్ద ఉత్తరం.

నా లెక్క చెప్తా. 2022 జూన్‌లో 50,000, 2023 జనవరిలో లక్ష, ఆగస్టులో లక్షన్నర, మొత్తం 3,00,000 పెట్టా. వచ్చిన డబ్బు వచ్చినట్టు మళ్ళీ అప్పులకే వెళ్ళేలా ఆటో ఇన్వెస్ట్ ఆన్‌లో ఉంచా. 2024 మార్చి చివర్లో అది ఆపేసి, వసూలైంది వసూలైనట్టు బ్యాంకులోకి తీసుకోవడం మొదలెట్టా. 2025 మార్చికి చేతికి వచ్చింది 2,74,600. యాప్‌లో ఇంకా 58,000 అసలు "అవుట్‌స్టాండింగ్" అని ఉంది, అందులో 51,000 గడువు దాటి 90 రోజులు పైనే అయిన బాకీ, సరిగ్గా కడుతున్నది 7,000. ఈ మొత్తం కాలంలో వడ్డీ కింద వచ్చింది 41,300, ఫీజులు జీఎస్టీతో కలిపి పోయింది 8,700. డాష్‌బోర్డు మీద మాత్రం ఆకుపచ్చ రంగులో పెద్ద అక్షరాలతో 13.6 శాతం.

రెండు ఆదివారాలు కూర్చుని మూడేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ప్రతి ఎంట్రీ ఎక్సెల్‌లోకి ఎక్కించి ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫార్ములా వేశా. అది ఏం చేస్తుందంటే ఏ తేదీన ఎంత వెళ్ళింది ఏ తేదీన ఎంత వచ్చింది చూసి ఏడాదికి ఎంత పడిందో చెప్తుంది, అంతకుమించి దానికి మన కబుర్లేం అక్కర్లేదు. 51,000 మొండి బాకీని సున్నా అనుకుంటే నాకు మొత్తం మీద 18,400 నష్టం, ఏడాదికి మైనస్ 4 శాతం దగ్గర్లో. సరే మనమే చెడ్డగా ఎందుకు అనుకోవాలి, ఆ బాకీ మొత్తం రేపు పొద్దున్నే పైసాతో సహా వచ్చేస్తుంది అనుకుని కూడా వేశా. అప్పుడూ 7 శాతం లోపే. బ్యాంకులో ఎఫ్‌డీ వేసుకుంటే అంత వచ్చేది, పైగా దానికి 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ కూడా ఉంటుంది. మరి ఆ 13.6 ఎక్కడ్నించి వచ్చింది సార్? నాకు అర్థమైనంతలో సక్రమంగా కడుతున్న అప్పుల మీద వచ్చిన వడ్డీ తీసుకుని అదే అప్పుల మీద భాగించారు. అంటే క్లాసులో పాసైన పిల్లల్ని మాత్రమే లెక్కేసి నూటికి నూరు శాతం పాస్ అన్నట్టు.

నష్టం వచ్చిందని ఏడవట్లేదండి. రిస్క్ నీదే అన్న బాక్సులో టిక్కు పెట్టింది నేనే. నా బాధంతా నష్టపోతున్న రోజుల్లో కూడా లాభం వస్తోందని చూపించడం గురించి. ఆ 13.6 చూసే కదా మూడోసారి లక్షన్నర పెట్టింది.

ఇప్పుడు దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా చెప్తా.

1. 24 శాతం అంటే 24 చేతికి రాదు, ఇది చాలామందికి తెలియదు. లక్ష రూపాయలు 24 శాతానికి 12 నెలల ఈఎమ్‌ఐ మీద ఇచ్చారనుకోండి, నెలకి 9,456 చొప్పున ఏడాదికి వచ్చేది 1,13,472. అంటే వడ్డీ 13,472. అసలు ప్రతి నెలా తిరిగొచ్చేస్తుంది కాబట్టి వడ్డీ మిగిలిన అసలు మీదే పడుతుంది, ఇందులో మోసం లేదు, లెక్క సరైనదే. కానీ మా ఊళ్ళో నూటికి రెండు అంటే ఏడాది చివర 24,000 అనుకుంటారు, అసలు ఆఖర్న ఒకేసారి ఇస్తారు కాబట్టి. అదే బుర్రతో యాప్‌లోకి వస్తారు. వచ్చిన ఈఎమ్‌ఐని వెంటనే మళ్ళీ అప్పుకి ఇస్తేనే ఆ 24కి దగ్గరగా వెళ్తాం, మళ్ళీ ఇస్తే మళ్ళీ ఫీజు, మళ్ళీ ఎగవేత రిస్కు.

2. ఎగవేత కొంచెమే అనిపిస్తుంది, కొంప ముంచేది అదే. పై లక్షనే 20 మందికి తలా 5,000 ఇచ్చామనుకోండి. ఇద్దరు ఒక్క ఈఎమ్‌ఐ కూడా కట్టలేదు, పద్దెనిమిది మంది దేవుళ్ళలా కట్టారు. వచ్చేది 1,02,125. మీ ఫీజు వెయ్యి తీసేస్తే మిగిలింది 1,125, ఏడాదికి 2 శాతం చిల్లర. ఇరవైలో పద్దెనిమిది మంది మంచోళ్ళయితే ఇది. ముగ్గురు ఎగ్గొడితే వచ్చేది 96,451, ఇంక వడ్డీ మాట ఎందుకు, అసలే పోయింది.

3. దీని మీద పన్ను. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ మండించిన విషయం. పై లెక్కలో ఆ పద్దెనిమిది మంది దగ్గర వచ్చిన వడ్డీ 12,125. ఉద్యోగస్తుడికి ఇది ఇతర ఆదాయం కింద స్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. పోయిన అసలు 10,000 ఉంది చూడండి, దాన్ని ఈ వడ్డీలోంచి తీసేసి చూపించే దారి మామూలు జీతగాడికి లేదు, రాని బాకీ ఖర్చు రాసుకునే సౌకర్యం వ్యాపారం చేసేవాళ్ళకే. 20 శాతం స్లాబ్ అయితే సెస్సుతో కలిపి 2,522 పన్ను. మిగిలింది 1,125, కట్టాల్సింది 2,522. అంటే ఇరవై మందికి సాయం చేసి, పద్దెనిమిది మంది దగ్గర వసూలు చేసుకుని, ఆఖర్న జేబులోంచి 1,397 ఎదురిచ్చి ఇంటికి రావాలి. మీ యాప్‌లో "ప్రీ టాక్స్" (పన్నుకి ముందు) అన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, నిజమే, ఉంది, నేను కాదనను.

4. కొత్త అప్పులు పాత మొండి బాకీల్ని కప్పేస్తాయి. మా దగ్గర ధాన్యం లారీ వస్తే బస్తాకి గుచ్చి శాంపిల్ తీసి తేమ చూస్తాం. కొంతమంది పైన రెండు వరసలు ఎండిన బస్తాలు పేర్చి కింద తడివి పెడతారు. నా పోర్ట్‌ఫోలియోలో అదే జరిగింది. మొదటి లక్షన్నరలో బాకీలు పేరుకునే టైముకి నేను ఇంకో లక్షన్నర వేశా, దాంతో మొండి బాకీ శాతం ఒక్కరోజులో సగం అయిపోయింది, బాకీ పైసా కూడా తగ్గలేదు. కొత్త అప్పు మొండిదని తేలాలంటే కనీసం 90 రోజులు పట్టాలి కదా, అప్పటిదాకా అదంతా ఆకుపచ్చే. వసూలైంది తిరిగి అప్పులకే పోతున్నంత కాలం మనం అసలు పరిస్థితి చూడలేం. ఆటో ఇన్వెస్ట్ ఆపిన మూడు నాలుగు నెలలకి గానీ నాకు కింది వరస బస్తాలు కనపడలేదు. మీరు ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, యాప్ చెప్పే శాతం నమ్మే ముందు ఒక మూడు నెలలు ఆటో ఇన్వెస్ట్ ఆపి చూడండి, అన్నీ తెలిసిపోతాయి.

5. అప్పులకి వెళ్ళకుండా ఎస్క్రోలో (అప్పు ఇచ్చేదాకా మన డబ్బు ఆగే ఖాతాలో) కూర్చున్న డబ్బు. దానికి వడ్డీ లేదు, డాష్‌బోర్డు లెక్కలో అదీ లేదు. నా డబ్బు ఒకసారి పంతొమ్మిది రోజులు ఊరికే పడుంది.

6. ఇక మనుషుల సంగతి. మా తోడల్లుడు ఆర్టీసీలో పని చేస్తాడు. చీటీ పాడగా వచ్చిన 4 లక్షలు కూతురి ఇంజనీరింగ్ ఫీజు కోసం దాచుకుంటే, "ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, 11 శాతం" అని ఎవరో చెప్తే ఒక పీటూపీ స్కీములో పెట్టాడు. ఎవరో ఏంటి, నేనే చెప్పా, నా 13.6 చూపించి. 2024 ఆగస్టు 16న ఆర్‌బీఐ అలాంటివి కుదరవని తేల్చి చెప్పింది. హామీ రిటర్న్ అన్నట్టు అమ్మకూడదు, అడగ్గానే డబ్బిచ్చే ఏర్పాటు ఉండకూడదు, ఒకరి డబ్బుతో ఇంకొకరిని బయటికి పంపకూడదు, ఎస్క్రోలో డబ్బు పడిన మర్నాటికి మించి ఉండకూడదు అని. మంచి రూలే, నేను చప్పట్లు కొడతా. కానీ అప్పటిదాకా నీళ్ళలా తిరిగిన డబ్బు ఒక్కసారిగా ఆగిపోయింది, అప్పు తీసుకున్నవాళ్ళు కట్టినప్పుడే చేతికి వస్తుందన్నారు. అదే మొదట్నించీ నిజం, ఆ నిజం అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు అంతే. రెండో సెమిస్టర్ ఫీజుకి మా మరదలు నల్లపూసలు తాకట్టు పెట్టింది. ఆ నెల పండక్కి వాళ్ళింటికి నేను వెళ్ళలేదు, వెళ్ళే మొఖం లేక.

మీ వైపు కూడా ఒక మాట చెప్పాలి. బ్యాంకులు తలుపు తీయని చాలామందికి ఈ అప్పులు అందాయి, ఆటో నడిపేవాళ్ళకి, చిన్న షాపుల వాళ్ళకి. కట్టిన పద్దెనిమిది మంది నిజాయితీపరులే. వ్యాపారం మూసేయమని నేను అడగట్లేదు. బ్రిటన్‌లో 2005లో ఈ పద్ధతి మొదలెట్టిన జోపా కంపెనీయే 2021 చివరికి పీటూపీ వదిలేసి బ్యాంకుగా మిగిలిపోయింది, అమెరికాలో లెండింగ్ క్లబ్ 2020తో మామూలు జనానికి అప్పుల తాలూకు నోట్లు అమ్మడం ఆపేసింది. కానీ లెండింగ్ క్లబ్ నడిచినన్నాళ్ళూ ఒక మంచి పని చేసింది, ఇచ్చిన అప్పుల వివరాలు ఒక్కొక్కటీ పేర్లు లేకుండా ఫైల్లో పెట్టి ఎవరైనా దించుకునేలా ఉంచింది. దాంతో ఎంతోమంది ఇంట్లో కూర్చుని సొంతంగా లెక్కలేసుకున్నారు. మేం అడిగేది అందులో పావు వంతు, మా అప్పుల వివరాలు మాకు.

డిమాండ్లు:

1. ప్రతి లెండర్‌కి, అంటే డబ్బు పెట్టినవాడికి, ఒక్క బటన్‌తో మొత్తం లెక్క ఫైల్ రావాలి. తేదీ, వేసింది, తీసింది, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఫీజు ఎంత. అకౌంటు తెరిచిన రోజు నుంచి ఇవ్వాలి, గత ఆరు నెలలే అని మెలిక పెట్టొద్దు. డాష్‌బోర్డు మీద ఎక్స్‌ఐఆర్‌ఆర్ కూడా వేయండి, మీ సొంత ఫార్ములా పక్కన ఉంటే ఉండనివ్వండి.

2. 90 రోజులు దాటిన బాకీని సున్నాగా తీసుకున్న రిటర్న్ పెద్ద అక్షరాల్లో ముందు ఉండాలి. అవన్నీ వస్తాయనుకుంటే ఎంత అనేది దాని కింద. వసూలైతే అప్పుడు కలుపుకుంటాం, మాకేం తొందర లేదు.

3. నెలవారీగా చూపించండి. 2023 జనవరిలో ఇచ్చిన అప్పుల్లో ఇవాళ్టికి ఎంత వచ్చింది, ఎంత రాలేదు, ఫిబ్రవరివి ఎంత, అలా. ప్లాట్‌ఫామ్ మొత్తానికి మొండి బాకీల వివరం ఎన్ని రోజుల నుంచి పడుందో విడగొట్టి ప్రతి నెలా వెబ్‌సైట్‌లో పెట్టాలని 2017 రూల్స్‌లోనే ఉంది, లెండర్లకి వచ్చిన నష్టం కూడా అందులో కలపాలని 2024లో చెప్పారు. కొంతమంది ఆ పేజీని ఎక్కడో అడుగున దాచారు, వెతుక్కోవడానికి నాకు అరగంట పట్టింది. అదే వివరం నా అకౌంటుకి ఎందుకు ఇవ్వరు?

4. ఫీజు, జీఎస్టీ పోగా ఉన్న రిటర్నే రిటర్న్. ఫీజు ముందు శాతం చూపించి ఊరించొద్దు.

5. ప్రతి మొండి బాకీ పక్కన ఏం చేశారో ఒక లైను రాయండి. ఫోన్ చేశారా, నోటీసు పంపారా, క్రెడిట్ బ్యూరోకి (ఎవరు అప్పు ఎలా కట్టారో రికార్డు ఉంచే సంస్థకి) చెప్పారా, ఏ తేదీన. నా 51,000లో ఇరవై ఒక్క అప్పులున్నాయి, అన్నిటి పక్కనా "రికవరీ ఇన్ ప్రోగ్రెస్" అని పద్నాలుగు నెలల నుంచి ఒకటే మాట. మా ఓనరుకి నేను బాకీల లిస్టు ఇలా రాసిస్తే మర్నాడు పనిలో ఉండను.

6. అధికారులకి. మ్యూచువల్ ఫండ్ వాళ్ళు రిటర్న్ చెప్పుకోవాలంటే ఏడాదికి, మూడేళ్ళకి, ఐదేళ్ళకి అని ఒక పద్ధతి ఉంది, దాని పక్కన పోల్చి చూసుకోవడానికి ఒక సూచీ, అంటే బెంచ్‌మార్క్, పెట్టాలి. పీటూపీలో రిటర్న్ ఎలా లెక్కేయాలో అందరికీ ఒకే ఫార్ములా రాయండి, దయచేసి. అలాగే పన్ను సంగతి ఆర్థిక శాఖ దాకా తీసుకెళ్ళండి, పీటూపీలో పోయిన అసలుని పీటూపీ వడ్డీలోంచే తీసుకోనిస్తే చాలు, జీతంలోంచి తీయమని ఎవరూ అడగట్లేదు.

పాత లెండర్లు ఎవరైనా ఉంటే మీ బ్యాంకు స్టేట్‌మెంట్ దించుకుని మీరే ఒకసారి వేసుకోండి, ఎక్సెల్‌లో రెండు వరసలు చాలు, ఒకదాన్లో తేదీ, ఒకదాన్లో అంకె, పెట్టింది మైనస్, వచ్చింది ప్లస్, ఆఖరి లైన్లో ఇవాళ్టి తేదీ వేసి నిజంగా వస్తుందని మీకు నమ్మకం ఉన్న బాకీ మాత్రమే రాయండి. యాప్ చెప్పింది, మీకొచ్చింది, రెండూ పక్కపక్కన పెట్టి మీ కంపెనీకే మెయిల్ చేయండి. నెల రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ కస్టమర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ విభాగానికి వెళ్ళొచ్చని రూల్స్‌లోనే ఉంది. నేనూ ఆ నెల రోజులు ఈ ఉత్తరం నుంచే లెక్కేసుకుంటున్నా.

యాజమాన్యాలకి ఇంకొక్క మాట. ఆ ఫైల్ పంపేటప్పుడు ఎక్సెల్‌లోనే పంపండి సార్, పీడీఎఫ్ వద్దు. నా బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్ 64 పేజీలు, అందులో అంకెలు ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించేసరికి మా ఇంట్లో రెండు ఆదివారాలు కోడి కూర చల్లారిపోయింది.

ఇట్లు,
మండపేట నుంచి ఒక రైస్ మిల్లు గుమస్తా